ఎర్రలింకు కనబడగానే పీకెయ్యకండి, ముందు ఆ పేరు సంగతి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: రేడియోధార్మికత పరిశోధనల చరిత్ర మీద తెలుగు వికీపీడియాలో పెద్ద వ్యాసం రాశారు. అందులో 38 ఎర్రలింకులు, అంటే ఇంకా పేజీ లేని పేర్లకు పెట్టిన లింకులు, తేలాయి. ఒక పాత వాడుకరి వచ్చి పేజీ అంతా ఎర్రగా ఉందంటూ అన్నీ తీసేశారు. ఇంకొకరు వచ్చి ఎర్రలింకులు వికీకి మేలే చేస్తాయంటూ అన్నీ మళ్ళీ పెట్టేశారు. ఇద్దరిలో ఎవరు రైటు? వికీ మొత్తమ్మీద ఉన్న వేల ఎర్రలింకులను బాట్ (తనంతట తానే మార్పులు చేసే ప్రోగ్రాం) పెట్టి ఒకేసారి శుభ్రం చెయ్యొచ్చా?

ఇద్దరూ రైటు కాదు. ఒకరు చూడకుండా తీశారు, ఇంకొకరు చూడకుండా పెట్టారు. మీ వ్యాసం చరిత్రలోకి వెళ్ళి ఆ 38 లింకులనూ ఒక్కొక్కటే తెరిచి చూశాను. గంటన్నర పట్టింది. నా లెక్కలో అందులో 11 అసలు ఎర్రగా ఉండాల్సినవే కావు, ఆ వ్యాసాలు వికీలో ఉన్నాయి. 15 ఎర్రగానే ఉండాలి. 7 చోట్ల లింకే అక్కర్లేదు. 3 దారిమార్పులతో (ఒక పేరు నొక్కితే వేరే పేరున్న పేజీకి తీసుకెళ్ళే ఏర్పాటు) తీరిపోతాయి. మిగిలిన 2 అన్నిటికన్నా ప్రమాదకరమైనవి, వాటి దగ్గరికి కాసేపట్లో వస్తాను. బాట్ సంగతి కూడా అప్పుడే.

ముందు ఒక చిన్న విషయం తేల్చుకుందాం. రెండు చదరపు బ్రాకెట్ల మధ్య మీరొక పేరు రాస్తే వికీని నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీ చూసేది ఒక్కటే: అచ్చంగా ఆ అక్షరాలతో, ఆ వరుసలో ఒక పేజీ ఉందా, లేదా? ఉంటే నీలం, లేకపోతే ఎరుపు. ఆ విషయం మీద వ్యాసం ఉందో లేదో దానికి తెలియదు, తెలిసే దారీ లేదు. కాబట్టి "ఈ విషయం మీద వ్యాసం లేదు" అని ఎర్రలింకు చెబుతోందనుకోవడం మన ఊహ మాత్రమే. అది చెప్పేది "ఈ పేరుతో పేజీ లేదు" అనే. సగం గొడవలు ఈ తేడా దగ్గరే పుడుతున్నాయి.

రంగు కూడా కొంత చెడ్డపేరు తెచ్చింది. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదలుపెట్టిన తొట్టతొలి వికీలో, లేని పేజీ పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం ఉండేది. అది నొక్కితే రాసుకునే పెట్టె తెరుచుకునేది. 2001లో వికీపీడియా మొదలైనప్పుడు వాడిన యూజ్‌మాడ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ ప్రశ్నార్థకమే. ఎరుపు తర్వాత వచ్చింది. ప్రశ్నార్థకం చూస్తే "దీని గురించి ఎవరికైనా తెలుసా?" అని అడిగినట్టుండేది. ఎరుపు చూస్తే మాష్టారు పరీక్ష పేపర్లో తప్పు కింద గీత గీసినట్టుంటుంది. మీ లింకులు తీసేసిన ఆయన తప్పేమీ లేదు, ఆ రంగు చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది.

నాకూ పెట్టింది. వికీలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం కూర్చుని ఖగోళశాస్త్రం వ్యాసాల్లోంచి రెండు వందలకు పైగా ఎర్రలింకులు పీకేశాను. పేజీలు కళకళలాడుతున్నాయని సంబరపడ్డాను కూడా. ఏడాది తర్వాత ఒక కొత్త వాడుకరి తోకచుక్కల మీద వరుసగా మంచి వ్యాసాలు రాశారు. వాటిలో ఒక్కదానికీ ఎక్కడి నుంచీ లింకు లేదు. అన్నిటికీ "అనాథ వ్యాసం" అనే మూస (ఒక్కచోట రాస్తే చాలా పేజీల్లో కనబడే పెట్టె) తగిలించారు. నేను తీసేసినవి అలాగే ఉండుంటే, ఆ వ్యాసాలు పుట్టిన నిమిషంలోనే పది పదిహేను పేజీల నుంచి నీలం లింకులు తగిలేవి. ఆ లింకులన్నీ నేనే మళ్ళీ పెట్టాను. పీకడానికి ఒక పూట పడితే, పెట్టడానికి రెండు వారాలు పట్టింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. డయోమిడిస్ స్పినెల్లిస్, పనాయోటిస్ లూరిదాస్ అనే ఇద్దరు గ్రీకు పరిశోధకులు ఇంగ్లీషు వికీపీడియా ఎలా పెరుగుతోందో లెక్కలు తీసి 2008లో ఒక పత్రం ప్రచురించారు. లేని పేజీకి మొదటి లింకు పడిన కొద్దికాలానికే చాలా వ్యాసాలు పుడుతున్నాయనీ, లింకు పెట్టినవారూ వ్యాసం మొదలుపెట్టినవారూ ఒకరే కావడం చాలా అరుదనీ వాళ్ళు తేల్చారు. అంటే మీరు పెట్టిన ఎర్రలింకును పట్టుకుని రాసేది మీరు కాదు, మీకు పరిచయం లేని ఇంకొకరు. అందుకే "ముందు వ్యాసం రాయండి, తర్వాత లింకు పెట్టండి" అనే సలహా నాకు నచ్చదు. వికీ ఆ పద్ధతిలో పెరగలేదు.

సరే, మీ 38కి వద్దాం. ముందు ఆ 11. మన భాషలో ఎర్రలింకుల బెడద అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1895లో ఎక్స్ కిరణాలు కనుక్కున్న శాస్త్రవేత్త పేరు మీ వ్యాసంలోనే మూడు రకాలుగా ఉంది: రాంట్‌జెన్, రాంట్జెన్, రోంట్‌జన్. వికీలో వ్యాసం మొదటి పేరుతో ఉంది. మిగతా రెండూ ఎర్రబడ్డాయి. విదేశీ పేర్లకు మనకు ఒక్క వర్ణక్రమం లేదు, పత్రికలో ఒకలా, పాఠ్యపుస్తకంలో ఒకలా ఉంటుంది. కాబట్టి ఎర్రలింకు కనబడితే నేను మొదట చేసే పని ఇంగ్లీషు వికీపీడియాలో ఆ విషయం తెరిచి, అక్కడి భాషల జాబితాలో తెలుగు ఉందేమో చూడటం. వికీడేటా అన్ని భాషల పేజీలనూ ఒక్క అంశానికి కడుతుంది కాబట్టి, మనవాళ్ళు ఏ పేరుతో రాసినా అక్కడ దొరుకుతుంది. అర నిమిషం పని. మీ 11లో ఆరు అలాగే దొరికాయి. అచ్చులో నిజంగా వాడుకలో ఉన్న వర్ణక్రమం అయితే దానికో దారిమార్పు చేసేయండి, రేపు ఇంకొకరు అదే రాసినా ఇబ్బంది ఉండదు.

రెండోది విభక్తి ప్రత్యయాల గొడవ. మీరు [[పొలోనియాన్ని]] అని లింకు పెట్టారు. పొలోనియాన్ని అనే పేజీ ఏ వికీలోనూ ఉండదు. [[పొలోనియం|పొలోనియాన్ని]] అని రాయాలి. మీకు తెలియదని కాదు, రాసే ఊపులో అందరికీ జరుగుతుంది. ఇలాంటివి మీ వ్యాసంలో మూడున్నాయి.

మూడోది కంటికి కనబడని తప్పు. మీ వ్యాసంలో [[రేడాన్‌]]ను అనే లింకు ఎర్రగా ఉంది. రేడాన్ పేజీ వికీలో నిక్షేపంగా ఉంది. పక్కపక్కన పెట్టి చూసినా ఒక్క పొల్లు తేడా లేదు. సంగతేమిటంటే, "రేడాన్‌ను" అని టైపు చేసేటప్పుడు న్, ను కలిసిపోయి వత్తు పడకుండా మన కీబోర్డు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరాన్ని పెడుతుంది. మీరు ముందు మొత్తం మాట టైపు చేసి, తర్వాత బ్రాకెట్లు పెట్టారు. ఆ కనబడని అక్షరం బ్రాకెట్ లోపల ఉండిపోయింది. మనకు అది రేడాన్, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రేడాన్ తోకతో ఉన్న వేరే పేరు. పట్టుకునే ఉపాయం తేలిక: మూసే బ్రాకెట్లకు సరిగ్గా ముందు కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఏదీ చెరిగినట్టు కనబడదు. అయినా సరిచూడు నొక్కితే లింకు నీలంగా మారి ఉంటుంది. ఒకవేళ న్ పొల్లే ఎగిరిపోతే కనబడని అక్షరం లేదన్నమాట, వెనక్కి తీసుకోండి. ఇలాంటి వాటికి మాత్రం దారిమార్పులు చెయ్యకండి. కనబడని తోక ఉన్న పేర్లతో పేజీలు పోగుచేసుకుంటూ పోతే, వాటిని వెతికి తీసేసే పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. లింకునే సరిచెయ్యండి.

ఇప్పుడు ఎర్రగా ఉండాల్సిన 15. వీటిలో 1899లో ఆక్టినియం కనుక్కున్న ఆండ్రే డెబియెర్న్, 1900లో గామా కిరణాలను గుర్తించిన పాల్ విల్లార్డ్, 1939లో ఫ్రాన్షియం కనుక్కున్న మార్గరీట్ పెరే, రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన హారియెట్ బ్రూక్స్, నార్వే రసాయన శాస్త్రవేత్త ఎలెన్ గ్లెడిచ్ ఉన్నారు. వీళ్ళ మీద పుస్తకాలున్నాయి, విజ్ఞాన శాస్త్ర చరిత్ర పత్రికల్లో వ్యాసాలున్నాయి. ఒక మూలకం కనుక్కున్న మనిషికి విజ్ఞాన సర్వస్వంలో పేజీ ఉండాలా అన్నది చర్చించాల్సిన విషయమే కాదు.

కొంచెం ఆలోచించాల్సిన పేరు మార్గరెట్ టాడ్. ఒకే మూలకానికి వేర్వేరు భారాలున్న పరమాణువులుంటాయని ఫ్రెడరిక్ సాడీ చెప్పినప్పుడు, 1913లో వాటికి "ఐసోటోప్" అనే మాట సూచించింది ఆవిడే. మీ వ్యాసంలో ఆవిడ ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. "ఒక్క మాట సూచించినంత మాత్రాన పేజీ ఎందుకు" అని లింకు తీసేయబోయి, అలవాటు కొద్దీ ఒకసారి వెతికాను. ఆవిడ వైద్యురాలు, గ్రాహం ట్రావర్స్ అనే కలం పేరుతో నవలలు రాసిన రచయిత్రి కూడా. మన వ్యాసంలో పాత్ర చిన్నదే కావచ్చు, మనిషి చిన్నది కాదు. లింకు ఉంచాలి. కొలవాల్సింది మీ వ్యాసంలో ఆ పేరు ఎంత చోటు తీసుకుందని కాదు, ఆ పేరు మీద స్వతంత్రమైన మూలాలతో నాలుగు పేరాలు నిలబడతాయా అని. వేరే భాష వికీలో పేజీ ఉండటం మంచి సూచనే గానీ, అదే రుజువు కాదు. అక్కడా మూలాల్లేని పేజీలు బోలెడుంటాయి.

ఈ అంచనాలో మరీ ధీమా కూడా పనికిరాదు. 2018 అక్టోబరు 2న డోనా స్ట్రిక్‌ల్యాండ్‌కు భౌతిక శాస్త్రంలో నోబెల్ ప్రకటించేసరికి ఆవిడ మీద ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసం లేదు. అదే ఏడాది మే నెలలో ఒకరు చిత్తుప్రతి సమర్పిస్తే, మూలాలు చాలవని తిప్పి పంపారు. తిప్పి పంపిన వాడుకరి నిబంధన ప్రకారమే చేశారు, నేను తప్పు పట్టను. కానీ "ప్రాధాన్యత లేదు" అని మనం అనేది చాలాసార్లు "నాకు ఇప్పటికి మూలాలు దొరకలేదు" అన్నమాటే. సందేహంలో ఉంటే ఎర్రలింకును ఉంచడానికే నేను మొగ్గు చూపుతాను. తప్పు పేజీ సృష్టిస్తే తొలగించాలి, చర్చ పెట్టాలి. తప్పు ఎర్రలింకు ఉంటే రెండు బ్రాకెట్లు చెరిపితే సరిపోతుంది.

తీసేయాల్సిన 7 మాత్రం నిస్సంకోచంగా తీసేయండి. 1896లో బెక్వెరెల్ ఫోటో ప్లేటును నల్ల కాగితంలో చుట్టి దాని మీద యురేనియం లవణం పెట్టిన ఘట్టం మీరు చాలా బాగా రాశారు. కానీ [[నల్ల కాగితం]] అని లింకెందుకండీ! ఫోటోగ్రఫీ ప్లేటుకు లింకు న్యాయం, అది ఒక సాంకేతికత, దానికో చరిత్ర ఉంది. నల్ల కాగితం మీద ఎవరూ వ్యాసం రాయరు, రాయకూడదు కూడా. అలాగే [[ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త]] అనేది పేరు కాదు, వర్ణన. ప్రయోగశాలకు ఖనిజం పంపిన చిన్న వ్యాపార సంస్థలకూ, ఒక్కసారి పేరొచ్చిన సహాయకులకూ పెట్టినవి కూడా ఇదే కోవ. ముఖ్యంగా బతికున్న మామూలు మనుషుల పేర్లకు ఎర్రలింకు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి. "దీని మీద ఎవరైనా రాయండి" అని పిలిచే లింకు అది. తమ మీద ఎవరో పేజీ రాయాలని ఆ మనిషి అడగలేదు.

దారిమార్పులతో తీరే మూడింటిలో ఒకటి [[బెక్వెరెల్ కిరణాలు]]. అది రేడియోధార్మికతకు తొలిరోజుల్లో వాడిన పేరు, వేరే వ్యాసం అవసరం లేదు, రేడియోధార్మికత పేజీకి దారిమార్పు పెడితే చాలు. ఒక జాగ్రత్త ఉంది. దారిమార్పు పెట్టాక, గమ్యం పేజీలోనే ఆ మాటకు లింకు ఉందేమో చూడండి. ఉంటే పాఠకుడు నీలం లింకు నొక్కుతాడు, తిరిగి తిరిగి ఉన్నచోటికే వస్తాడు. ఎర్రలింకు కన్నా ఇదే ఎక్కువ చికాకు. ఇంకొక ప్రలోభం కూడా ఉంది: ఎరుపు పోగొట్టడానికి ప్రతి శాస్త్రవేత్త పేరునూ "రేడియోధార్మికత చరిత్ర" పేజీకి దారి మళ్ళించడం. చెయ్యకండి. డెబియెర్న్ పేరు నీలమైతే, ఆయన మీద వ్యాసం ఉందని అందరూ అనుకుంటారు, రాద్దామనుకున్నవాడికి ఆ ఖాళీ కనబడదు. రాయాల్సిన వ్యాసానికి అడ్డంగా ఉన్న దారిమార్పును తొలగించమని అడగడానికి ఇంగ్లీషు వికీపీడియాలో దాన్ని ఒక సరైన కారణంగానే లెక్కిస్తారు.

ఇక ప్రమాదకరమైన ఆ రెండు. మొదటిది [[స్టెఫాన్ మేయర్]]. వియన్నా రేడియం సంస్థలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్తను ఉద్దేశించి పెట్టారు. కానీ ఆ పేరు ప్రపంచంలో ఒక్కరికే ఉండదు. రేపు ఎవరో అదే పేరుగల క్రీడాకారుడి మీదో, గాయకుడి మీదో వ్యాసం రాశారనుకోండి. మీ లింకు దానంతటదే నీలమైపోతుంది. ఎవరికీ కబురు రాదు. రేడియం కొలతల గురించి చదువుతున్న పాఠకుడు నొక్కితే ఫుట్‌బాల్ గోల్స్ లెక్క తెరుచుకుంటుంది. ఎర్రలింకులను లెక్కపెట్టే సాధనాలున్నాయి. తప్పు చోటికి పోయే నీలం లింకును మనిషి చదివి పట్టుకోవాల్సిందే. అందుకే సాధారణమైన పేరైతే మొదటి రోజే [[స్టెఫాన్ మేయర్ (భౌతిక శాస్త్రవేత్త)|స్టెఫాన్ మేయర్]] అని రాయాలి. ఇది కాస్త జోస్యం లాంటిదే, భవిష్యత్తులో రాబోయే పేజీకి మీరిప్పుడే పేరు పెడుతున్నారు. కాబట్టి మన వికీలో బ్రాకెట్లలో ఎలాంటి వివరణ పెట్టే ఆనవాయితీ ఉందో చూసి అదే పెట్టండి.

రెండోది [[బెక్వెరెల్]]. మీరు మనిషిని ఉద్దేశించారు. కానీ అది ఒక కొలమానం పేరు కూడా, సెకనుకు ఒక విఘటనను ఒక బెక్వెరెల్ అంటారు. క్యూరీ కూడా అంతే: సెకనుకు 3,700 కోట్ల విఘటనలు ఒక క్యూరీ. ఎవరో కొలమానాల వ్యాసాలు రాయడం మొదలుపెట్టిన రోజున మీ వాక్యం "ఒక కొలమానం ప్రయోగశాలలో ప్లేటును కడిగి చూసింది" అన్నట్టు తయారవుతుంది. [[హెన్రీ బెక్వెరెల్|బెక్వెరెల్]] అని పూర్తి పేరు పెట్టండి. భౌతిక, రసాయన శాస్త్రాల్లో రాసేవాళ్ళందరూ దీన్ని గుర్తుంచుకోవాలి. ఆంపియర్, వోల్టా, కెల్విన్, టెస్లా, అందరూ కొలమానాలైపోయినవాళ్ళే.

వ్యాసం సంగతి అయింది, ఇక వికీ మొత్తం సంగతి. "కోరిన పేజీలు" అనే ప్రత్యేక పేజీ చూసి, పైనున్న పేర్లకు వందల లింకులున్నాయి కాబట్టి వాటితో మొదలుపెడదామనుకున్నారు కదా. ఆ అంకెలను నమ్మకండి. మూలకాల ఆవర్తన పట్టిక మూస అడుగున ఒక ఎర్రలింకు ఉందనుకోండి. ఆ మూస 118 మూలకాల పేజీల్లోనూ ఉంటుంది. నిజానికి ఒక్క చోట, ఒక్క లైనులో ఎవరో పెట్టిన లింకు, పట్టికలో మాత్రం 118 మంది కోరినట్టు కనబడుతుంది. చర్చ పేజీలూ, వాడుకరి పేజీలూ కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. కొన్ని మూసలు "ఈ పేజీ ఉందా" అని లోలోపల వాకబు చేస్తాయి. 2025 దాకా ఆ వాకబు కూడా లింకుగా నమోదయ్యేది, పేజీలో ఎక్కడ వెతికినా ఎర్రగా ఏమీ కనబడేది కాదు. అసలు గిరాకీ తెలియాలంటే, వెతుకుపెట్టెలో ఇన్‌సోర్స్ అనే, పేజీల మూలపాఠ్యంలోనే వెతికే ఆదేశంతో ఆ పేరును తెరిచిన బ్రాకెట్లతో సహా వెతకండి. మూసల ద్వారా వచ్చినవి రాలిపోయి, మనుషులు చేత్తో రాసినవే మిగులుతాయి. 118 కాస్తా రెండుకో మూడుకో దిగిపోవచ్చు. ఆ మూడే నిజమైన కోరిక.

మూసల్లో ఎర్రలింకుల విషయంలో నేను వ్యాసాల్లో కన్నా కటువుగా ఉంటాను. పేజీ అడుగున ఉండే నావిగేషన్ పెట్టె ఉన్న పేజీల మధ్య తిరగడానికి. సగం పైన ఎర్రగా ఉంటే అది తిరగడానికి పనికిరాదు. ఒక నిర్ణీత వరుసలో ఖాళీ వదిలితే అర్థం చెడిపోయే చోట, ఉదాహరణకు నోబెల్ గ్రహీతల ఏడాదివారీ పట్టికలో, ఎర్రగా ఉన్నా ఉంచాలి. మిగతా చోట్ల వ్యాసం వచ్చాకే చేర్చండి. "ఇవి కూడా చూడండి" విభాగంలో ఎర్రలింకు అర్థం లేనిది, చూడ్డానికి అక్కడేమీ లేదు కదా. అయోమయ నివృత్తి పేజీలో (ఒకే పేరున్న వేర్వేరు విషయాల జాబితా) అయితే ఎర్రలింకు ఉన్న లైనులోనే ఆ విషయం ప్రస్తావన ఉన్న ఒక నీలం లింకు కూడా ఉండాలి, పాఠకుడు ఎటో ఒకవైపు వెళ్ళగలగాలి. మూస సరిచేశాక "ఇక్కడికి లింకున్న పేజీలు" వెంటనే మారలేదని టెన్షన్ పడకండి. ఆ పని వెనకాల క్యూలో ఉంటుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది. తొందరగా కావాలంటే ఆ పేజీని తెరిచి ఏమీ మార్చకుండా భద్రపరచండి.

బాట్ విషయానికొస్తే, ఎర్రలింకులు తీసేసే బాట్ వద్దు. పైన నేను ఇన్ని రకాల తీర్పులు చెప్పాను, వాటిలో ఒక్కటీ అక్షరాలు చూసి చెప్పగలిగేది కాదు, కనబడని తోక ఒక్కటి తప్ప. ఆ ఒక్క పనికి మాత్రం బాట్ నిక్షేపంగా వాడుకోవచ్చు. బ్రాకెట్ మూసే ముందున్న ఆ అక్షరాన్ని బయటికి తీసి పెట్టడమే పని, అది కూడా తోక తీసిన పేరుతో పేజీ ఉన్నప్పుడే. ముందు ఒక యాభై పేజీల మీద నడిపి, ఫలితాలు వాడుకరులందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో చూపించి, ఆ తర్వాత మిగతావి. ఎరుపును నీలం చెయ్యడానికి రెండు లైన్ల మొలకలు (బుల్లి వ్యాసాలు) పుట్టించే బాట్ అయితే అసలే వద్దు. సెబువానో వికీపీడియాలో 60 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి, వాటిలో అత్యధికం ఒకే ఒక్క బాట్ రాసినవి. అంకెల్లో అది ప్రపంచంలో రెండో స్థానంలో ఉంటుంది, అందులో ఎన్ని చదవదగ్గవో మీరే వెళ్ళి చూసుకోండి. ఎర్రలింకు "ఇక్కడ ఏమీ లేదు" అని నిజం చెబుతుంది. "ఈయన ఒక శాస్త్రవేత్త" అనే ఒక్క వాక్యపు మొలక అదే ఏమీ లేకపోవడాన్ని నీలం రంగు వెనక దాచిపెడుతుంది.

వేలల్లో ఉన్న ఎర్రలింకులను పనికి పెట్టాలంటే జాబితాలు తయారుచెయ్యడం మేలు. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో మొదలైన విమెన్ ఇన్ రెడ్ ప్రాజెక్టు పేరే ఎర్రలింకుల నుంచి వచ్చింది. 2014 చివర్లో అక్కడి జీవిత చరిత్రల్లో మహిళలవి 15 శాతం చిల్లర మాత్రమే. వికీడేటా నుంచి వృత్తుల వారీగా, దేశాల వారీగా వ్యాసం లేని మహిళల జాబితాలు బాట్‌తో తీయించి, వాటిని ఎర్రలింకులుగానే పెట్టి, నచ్చింది తీసుకుని రాయమన్నారు. ఇప్పుడు ఆ వాటా 20 శాతం దగ్గరికొచ్చింది. ఇక్కడ బాట్ చేసింది జాబితా వరకే. మూలాలు చూసి రాసింది మనుషులు. మీ విషయానికి ఇలాంటిది తేలిగ్గా చెయ్యొచ్చు: రేడియోధార్మికత మీద పనిచేసినవాళ్ళలో కనీసం పది భాషల్లో వ్యాసాలుండి మన భాషలో లేనివాళ్ళు ఎవరో వికీడేటాను అడిగితే జాబితా ఇస్తుంది. దాన్ని మీ వాడుకరి ఉపపేజీలో పెట్టుకోండి, ఒక్కో పేరు పక్కన దొరికిన మూలం ఒక్కటైనా రాసి పెట్టండి. మూలం ఉన్న ఎర్రలింకును ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఉత్త పేరును ఎవరూ ముట్టుకోరు.

వ్యాసం లోపల పాఠకుడికి సాయం కావాలనుకుంటే అంతర్భాషా లింకు మూస ఉంది. ఎర్రలింకు పక్కన చిన్నగా ఇంగ్లీషు పేజీకి లింకు చూపిస్తుంది, మన వ్యాసం రాగానే ఆ చిన్న లింకు దానంతటదే మాయమవుతుంది. డెబియెర్న్, పెరే లాంటి నాలుగైదు పేర్లకు పెట్టండి. పదిహేనింటికీ పెడితే ప్రతి వాక్యానికీ ఒక తోక వేలాడుతుంది.

తొలగించిన పేజీకి ఉన్న ఎర్రలింకుల గురించి కూడా ఒక మాట. అలాంటి లింకు నొక్కితే తొలగింపు చిట్టా కనబడుతుంది. అందులో కారణం చదవండి. కాపీహక్కుల ఉల్లంఘన అని ఉంటే విషయం మంచిదే, పాఠ్యం చెడ్డది, లింకు ఉంచండి. ప్రాధాన్యత లేదని చర్చించి తొలగించి ఉంటే లింకులు కూడా తీసెయ్యాలి, లేకపోతే ఎవరో పాపం మళ్ళీ అదే పేజీ రాసి మళ్ళీ తొలగింపు తిట్లు తింటారు.

ఆ ఇద్దరు వాడుకరుల విషయంలో, ఇంకొకసారి తిప్పికొట్టే పని మీరు పెట్టుకోకండి. చర్చ పేజీలో ఈ అయిదు గుంపులూ రాసి, "ముందు పేర్లు సరిచేస్తున్నాను, తర్వాత 7 లింకులు తీస్తున్నాను, 15 ఉంచుతున్నాను, కారణాలివి" అని ఇద్దరినీ పింగ్ చెయ్యండి. 38 ఎర్రలింకులు పదిహేను, పదహారుకు దిగాక మొదటాయనకు పేజీ చూడ్డానికి బాగానే ఉంటుంది. రెండో ఆయనకు కావలసిన పదిహేనూ అక్కడే ఉంటాయి. ఒక్కో గుంపునూ విడివిడి మార్పుగా భద్రపరచండి, దిద్దుబాటు సారాంశంలో ఏం చేశారో రాయండి. అప్పుడు ఒకదానిపై అభ్యంతరమొస్తే అదొక్కటే వెనక్కి పోతుంది. మొదలుపెట్టడం రేడాన్‌తో పెట్టండి, ఒక్క బ్యాక్‌స్పేస్ పని.